మామ కారూ, మా పెద్ద తోడల్లుడూ

మా పెద్ద తోడల్లుడు పోయాడు. మా ఆవిడ సొంత అక్క భర్త. మార్కాపురంలో పొద్దున్నే కాఫీ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడట. ఆ సమయానికి నేను గిద్దలూరులో నా దుకాణం ముందు ఒక ఆటో హారన్ వైర్లు విప్పుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఫోన్ చేత్తో పట్టుకుని ఏడుస్తూ వచ్చి, "బావ పోయినాడంట" అంది. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు ఛీ అంటారు. ఇక మామ కారు నా చేతికి వస్తుంది అనుకున్నాను. చేతిలో వైర్లు పడేసి లేచింది ఆ తర్వాతే.

మా మామకు రాచర్లలో కిరాణా దుకాణం. ఇద్దరూ ఆడపిల్లలే. ఎప్పుడో మార్కాపురంలో ఒక పలకల గని ఆసామి దగ్గర కొన్న పాత అంబాసిడర్‌ను కన్నకొడుకులా చూసుకుంటాడు. అల్లుళ్లిద్దరిదీ ఒకటే పని, బండ్లకు కరెంటు పని. అయితే పాత కార్ల స్విచ్‌లు బాగుచేయాలంటే మా తోడల్లుడే అని మూడు మండలాల్లో పేరు. నాకు ఆ పేరు లేదు. ఇన్నేళ్ల మా చుట్టరికం అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

పెళ్లయిన కొత్తలో నేను రాచర్లలో ఉండగానే మామ కారు లైట్లు మసకబారాయి. "నేనూ ఇదే పని చేస్తా గదా మామా, చూస్తాలే" అని లేచాను.

"కొత్తల్లుడివి, నీకెందుకు నాయనా ఈ మసి పని? రేపు పెద్దల్లుడు వస్తాడు, వచ్చి చూస్తాడులే" అన్నాడు మామ. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకు నా ఒళ్లు భగ్గుమంది.

మర్నాడు ఆయన బస్సు దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, దువ్విన మీసం. అణకువ అన్నది ఆయనకు ఇంటావంటా లేదు. నలుగురు చేరితే గానీ స్క్రూడ్రైవర్ పట్టడు. ఆ రోజు లైట్లు వేసి, ఊరికే నిలబడి టీ తాగాడు. తర్వాత డ్యాష్‌బోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చి స్విచ్‌ను తడిమి చూశాడు.

"జ్వరం తగిలింది దీనికి. లోపల మసి పట్టి కరెంటు దూరలేక సతాయిస్తాంది. అందుకే కాలుతాంది" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు.

విప్పే ముందు అత్తను కుట్టుపని దారాలు అడిగి ఒక్కో వైరుకు ఒక్కో రంగు దారం కట్టాడు. వైర్ల రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి మరి, ఏది ఎక్కడిదో తెలియదు. అత్త పాత చీర ఒళ్లో పరుచుకుని, స్విచ్ రేకు అంచుల్ని మెల్లగా పైకి లేపాడు. లోపల చిన్న స్ప్రింగు, దాని మీద మిరియపు గింజంత ఉక్కు గుండు ఉంటాయి. ఆ గుండు ఎగిరిపోతే స్విచ్ మళ్లీ టక్కుమని నిలబడదు. చీర పరిచింది అందుకే. నల్లబడిన ఇత్తడి ముక్కలను చింతపండు పెట్టి తోమాడు, కడిగాడు, ఎండబెట్టాడు. "నేను చెంబు తోమినట్టే తోముతున్నాడే!" అని అత్త మురిసిపోయింది. నేనైతే ఎమిరీ పేపర్‌తో గీకేవాణ్ణి. ఆ పూట నాటుకోడి కాలు ఎవరి కంచంలో పడిందో వేరే చెప్పాలా? నాకు మెడ ముక్క వేశారు.

"పాత స్విచ్ చెడిపోదు తమ్ముడా, అలుగుతాది. అలిగినోళ్లను బుజ్జగించాల. పారేస్తే ఎట్ల?" అనేవాడు. ఇప్పుడు నా దుకాణానికి వచ్చేవాళ్లతో నేనూ ఇదే మాట అంటున్నాను, లోపల మండిపోతూనే.

ఒకసారి మా ఊరి ఆసామి ఒకాయన పాత జీపు తెచ్చాడు. ఎదురు బండి వస్తే లైట్ల వెలుగు దించడానికి కాలితో నొక్కే డిమ్ము స్విచ్ పనిచేయడం లేదు. కొత్తది వేద్దామన్నాను. "మార్కాపురంలో మీ అన్న పాతదే బాగుచేస్తాడంట గదా?" అని జీపు తిప్పుకుని పోయాడు. సాయంత్రం మా తోడల్లుడి ఫోన్. "ఏం తమ్ముడా, మీ ఊరి జీపు మా ఊర్లో తిరుగుతాంది. కొత్త స్విచ్ వేయమన్నావంట, బలే చెప్పినావే!" అని ఒకటే నవ్వు. నేను ఫోన్ పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు.

ఆయన చెయ్యి తప్పితే చూడాలని నాకు ఎంత ఆశగా ఉండేదో! ఒకసారి తప్పింది కూడా. జనం ముందే ఆ గుండు చీర దాటి ఎగిరి ఎటో పోయింది. నా లోపల పండగ. ఆయన మీసం దువ్వుకుని, పక్కనున్న సైకిల్ పెడల్ విప్పించి, అందులోంచి ఒక గుండు తీసి వేశాడు. స్విచ్ టక్కుమంది. పోగొట్టుకున్నందుకు కూడా జనం శభాష్ అన్నారు. ఇట్లాంటి మనిషిని ఏం చేయాలి చెప్పండి?

పోనీ విద్య దాచుకున్నాడా అంటే అదీ లేదు. "రా, దగ్గరికొచ్చి చూడు, దూరంగా నిలబడితే ఏమొస్తాది?" అని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. దాచుకుని ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆయన చేతుల్లో చూసి నేర్చుకున్నవే. ఈ కృతజ్ఞత నాకు మింగుడుపడదు, కానీ ఉంది.

మార్కాపురంలో కర్మకాండ అయ్యాక అత్తామామలను మామ కార్లోనే రాచర్లకు తీసుకొచ్చాను. ఊరి మొదట్లోకి వచ్చేసరికి లైట్లు మసకబారాయి. మర్నాడు మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కారు వైపే చూస్తూ కూర్చున్నాడు. నన్ను పిలిచి, "చిన్నల్లుడా, ఆ లైట్ల సంగతి నువ్వే చూడు" అన్నాడు.

ఆ మాట కోసం ఇన్నేళ్లు కాచుకుని ఉన్నాను. దారాలు కట్టి, చీర పరిచి, చింతపండు పెట్టి తోమి, ఎంత ఒద్దికగా చేశానంటే, మధ్యలో అత్త టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. పని ముగిసేసరికి సందె పడింది. స్విచ్ వేశాను. ప్రహరీ గోడంతా తెల్లగా వెలిగింది. నేను లోపలే కూర్చుని మామ మొహం చూస్తున్నాను, ఏమంటాడా అని.

మామ వచ్చి కారు ముందు నిలబడ్డాడు. "అచ్చం మా పెద్దోడు చేసినట్టే చేసినావు నాయనా" అన్నాడు.

మామ దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదని నాకు తెలుసు. ఆ మెప్పులో కూడా నేను లేను. పోయిన మనిషితో పోటీ ఏంది అంటుంది మా ఆవిడ. ఆయన బతికుంటే ఎప్పటికైనా గెలుస్తానన్న ఆశైనా ఉండేది గదా!

మామ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఆ వెలుగులోనే ఏడ్చాడు. నేను పోతే ఇట్లా ఏడుస్తాడా అని అప్పుడు కూడా కుళ్లుకున్నాను. ఆర్పేద్దామని స్విచ్ మీద చెయ్యి వేశాను గానీ, మనసు రాలేదు. బ్యాటరీ దిగిపోతుందని తెలిసీ లైట్లను అట్లాగే వదిలేశాను.