గింబాంగ్ అన్న తీర్చుకోలేని తప్పు

మా పాపార్ ఊళ్ళో 'మన నేల సంఘం' పెట్టింది గింబాంగ్ అన్న. బోర్డు రాసింది నేను. వారపు సంతలో మా కదజాన్ జనం భాష వినబడటం లేదని, చేపలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి తాపీ పనివాళ్ళ దాకా సముద్రం అవతలి నుంచి దిగినవాళ్ళేనని ఆయన బాధ. నాకూ ఆ బాధ ఉంది, కాకపోతే ఆయన గొంతు పెద్దది. ఇరవై ఏళ్ళు పొలం గట్ల మీద తిరిగి, వాళ్ళని పంపెయ్యాలని సంతకాలు పోగేశాడు. తన వరికోతకి మాత్రం ఆ అవతలివాళ్ళనే పిలిచేవాడు. అదేమంటే, "మనోళ్ళు కొడవలి పడుతున్నారేంట్రా?" అని నా మీదే ఎగిరేవాడు.

అలా కోతకొచ్చిన ఫ్లోరెస్ దీవి మనిషి దొనాతుస్‌ని అన్న కూతురు జుస్తీనా చెప్పకుండా పెళ్ళి చేసుకుంది.

మాలో తప్పు చేసినవాడు కోడిని తెచ్చిస్తాడు. దాన్ని సోగిత్ అంటాం. ఎదుటివాడు పుచ్చుకుంటే ఆ తప్పు రేపిన వేడి చల్లారినట్టే, ఇక ఆ మాట ఎత్తకూడదు. దొనాతుస్ మూడుసార్లు తెచ్చాడు. సంఘం ఏమనుకుంటుందోనని అన్న పుచ్చుకోలేదు. వేడి చల్లారని ఇంట్లో కూతురు అడుగుపెట్టకూడదు. ఆరేళ్ళు పెట్టలేదు. ఆదివారాలు చర్చిలో అన్న చివరి బల్ల మీదే కూర్చునేవాడు, అక్కణ్ణుంచి ఆమె, భుజం మీద మనవడు కనబడతారని.

ఏప్రిల్‌లో అధికారులు మా సంఘాన్ని, కాగితాలు లేనివాళ్ళుండే వాడలేవో చెప్పమన్నారు. అన్న ఏటి ఒడ్డు వాడ పేరు రాశాడు.

"మన జుస్తీనా ఉండేది అక్కడే కదన్నా?"

"అల్లుడికి కాగితాలున్నాయిలే."

ఆ నోట 'అల్లుడు' అన్న మాట వినడం అదే మొదలు. ఇక నేనేమీ అనలేదు. అనాల్సింది.

సోదాలు జరిగాయి. తర్వాత నాలుగు ఆదివారాలు జుస్తీనా చర్చికి రాలేదు. పిల్లాడికి జ్వరమేమోనన్నాడు అన్న. నాలుగో ఆదివారం మర్నాడు చంకలో పుంజుతో మా ఇంటికొచ్చాడు.

"పద. నేనే ఇస్తా సోగిత్. మామ అల్లుడికివ్వడమేంటని నవ్వుతారేమోరా."

"నవ్వనీ అన్నా."

వాళ్ళింటికి తాళం ఉంది. పక్కింటావిడ బట్టలారేస్తూ చెప్పింది. "మీ అల్లుడి కాగితం గడువు దాటి పది రోజులైందంట. లారీ ఎక్కించి, ఆనక పడవలో వాళ్ళ దేశం పంపేశారు. మీ అమ్మాయి కూడా పిల్లాణ్ణి ఎత్తుకుని ఆయనతోనే పోయింది."

అన్న పుంజుని ఆమె ముందుకు చాపాడు.

"నువ్వన్నా పుచ్చుకో తల్లీ."

"నేనెలా పుచ్చుకుంటాను పెద్దాయనా," అందామె. "పుచ్చుకోవాల్సినోళ్ళు పడవెక్కేశారు కదా."