వెతికితే దొరకని క్లాసు

2023 వేసవి. అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ తన రికార్డు క్లాసులన్నిటినీ ఒక యాప్‌లో పెట్టింది. ఆ క్లాసుల్లో కావలసినది వెతుక్కునే ఏర్పాటు, అంటే సెర్చ్, నాకు అప్పగించారు. నేను ఏ కంపెనీలోనూ లేను. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసి పెడతాను. మా తాత కాలంలో మా ఇంటికి మనుషులు పనికి వచ్చేవారు. నా కాలంలో నేనే పనికి వెళుతున్నాను. ఇందులో నాకు చిన్నతనం ఏమీ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని చెప్పిన వేళకు వెళ్లడం, పని తేలేదాకా అక్కడి చాయ్ ముట్టకపోవడం నా పద్ధతి.

సెర్చ్ పనిలో మనం కొత్తగా కనిపెట్టేది తక్కువ. లైబ్రరీ అని, ఎవరో రాసి అందరి వాడకానికీ ఇచ్చిన కోడ్ ఉంటుంది. దాన్ని మన ప్రోగ్రాములో కలుపుకొని మన సరుకుకు తగినట్టు అమర్చుకోవాలి. ప్రతి క్లాసునూ ఫీల్డులుగా, అంటే అరలుగా విడదీస్తాం. టైటిల్ ఒక అర. సార్ మాట్లాడినదంతా అక్షరాల్లోకి మార్చి పెట్టినది ఇంకో అర. బోర్డు మీద రాసినది మరొకటి. వెతికే మాట ఏ అరలో దొరికితే ఎంత విలువ అని చెప్పే అంకెను బూస్ట్ అంటారు. టైటిల్‌లో దొరికిన మాటకు మామూలుగా బూస్ట్ ఎక్కువ ఇస్తారు. ఈ విలువలన్నీ కలిపి ఏ క్లాసు పైన కనిపించాలో, ఏది కింద కనిపించాలో లైబ్రరీ తేలుస్తుంది.

యాప్ మొదలైన కొన్ని వారాలకు సెంటర్ డైరెక్టర్ సుచరిత మేడం నన్ను పిలిపించారు. యాదగిరి సార్ క్లాసులు యాప్‌లో ఎవరూ చూడడం లేదని, కొత్త బ్యాచ్‌కు ఆయన్ని తీసుకోవద్దని తన భాగస్వాములు అంటున్నారని చెప్పారు. టైమ్‌టేబుల్ సోమవారం అచ్చుకు పోతుంది. అందులో పేరు లేకపోతే ఆ సార్ కథ అక్కడితో ముగిసినట్టే.

యాదగిరి సార్ ఈ గల్లీల్లో చాలా ఏళ్లుగా తెలంగాణ చరిత్ర, ఆర్థిక వ్యవస్థ చెబుతున్నారు. నల్లకుంట నుంచి పాత స్కూటర్ మీద వస్తారు. అరవై దగ్గర పడ్డాయి. ఈ వయసులో ఇంకో సెంటర్ మెట్లెక్కి అడిగే మనిషి కాదు.

మేడం గదిలో అప్పటికే ఒక అమ్మాయి కూర్చొని ఉంది. పేరు స్వప్న. జనగామ వైపు పల్లె, పక్క గల్లీ హాస్టల్లో ఉండి గ్రూప్-2కు చదువుతోంది. సార్‌ను తీసేస్తారన్న మాట విని కొట్లాడడానికి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టి ‘భూగరిష్ఠ పరిమితి చట్టం’ అని కొట్టింది. ఒక మనిషి ఎంత భూమి ఉంచుకోవచ్చో హద్దు పెట్టిన చట్టం అది.

"చూడున్రి సార్. పైనుంచి కిందిదాంక బిట్ల సారే. యాదగిరి సార్ ఈ పాఠం చెప్పిండు. నేను ముందల బెంచీల కూసొని విన్న. అది యాడ పోయింది?"

బిట్ల సార్ అనేది ఇంకో అధ్యాపకుడికి పిల్లలు పెట్టిన పేరు. పరీక్షలో వచ్చే చిన్న ప్రశ్నలే చెబుతారు, అవే మళ్లీ మళ్లీ చెబుతారు. ఆయన టైటిళ్లలో చట్టం పేరు రెండేసి సార్లు ఉంది. యాదగిరి సార్ క్లాసుల టైటిళ్లు చూశాను. అన్నిటికీ ఒకటే టైటిల్: ‘నిన్నటి తరువాయి’.

మేడం దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. "ఆయన పేరు మీద బూస్ట్ పెట్టెయ్యండి. ఆయన క్లాస్ ఏదున్నా పైకి వస్తది. పార్ట్‌నర్ల నోరు మూస్తది. ఎవరికి తెలుస్తది?"

అది నిమిషాల పని. లైబ్రరీలో అధ్యాపకుడి పేరు కూడా ఒక అరే. కుదరదని చెప్పాను. మనిషి పేరు చూసి ముందు కుర్చీ వేయడం మా ఇంట్లో తరాలపాటు జరిగింది. అది చివరికి ఎక్కడికి చేరిందో నాకు తెలుసు. ఇవాళ యాదగిరి గారి పేరు పెడితే రేపు ఇంకెవరి పేరో పెట్టమంటారు. అప్పుడు కాదనడానికి నా దగ్గర మాట ఉండదు.

"మరి సార్‌ను తీసేస్తరా?" అంది స్వప్న.

"పాఠం మంచిదైతే అదే పైకి రావాలె. రాకపోతే తప్పు నా అమరికది. సోమవారం లోపల చూస్త."

ఇంటికి వచ్చి మొదట టైటిల్ బూస్ట్ తగ్గించాను. బిట్ల సార్ కదలలేదు. క్లాసు నిండా అదే మాట ఉంది మరి. ఒకే మాట ఎన్నిసార్లు వచ్చినా విలువ ఒక హద్దు దాటకుండా ఆపే మీట ఒకటి లైబ్రరీలో ఉంటుంది. పదిసార్లు అన్నవాడికి రెండుసార్లు అన్నవాడి మీద పెద్ద లాభం రాకుండా దాన్ని బిగించాను. ఈసారి ఇతర అధ్యాపకులు కొందరు పైకి వచ్చారు. యాదగిరి సార్ మాత్రం ఎక్కడా లేరు. కింద కూడా లేరు. అసలు ఆయన మాటల్లో ఆ చట్టం పేరే లేదు. సున్నాను దేనితో గుణించినా సున్నాయే. లేని మాటకు బూస్ట్ ఇవ్వలేం.

చట్టం పేరు ఎత్తకుండా చట్టం గురించి పాఠం ఎలా చెబుతారు? స్వప్న అబద్ధం చెప్పలేదు. మరునాడు ఆ పాఠమే కొత్తగా మరో బ్యాచ్‌కు చెబుతున్నారని తెలిసి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ క్లాసు కూడా యాప్ కోసం రికార్డవుతోంది.

యాదగిరి సార్ క్లాసు మొదలుకాకముందే నా దగ్గరికి వచ్చి చాయ్ తాగమన్నారు; పని తేలలేదని వద్దన్నాను. ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు. చెప్పాను.

"మా ఊరికి రెండూర్ల అవతల గడి మీదే గద?"

గడి అంటే ఊరి దొర కోట లాంటి ఇల్లు. "ఒకప్పుడు," అన్నాను.

"ఇయాల చెప్పేది మీకు జర కష్టమైతదేమో. ప్రతి బ్యాచ్‌కు చెప్పే కథనే. మీరున్నరని చెప్తలేను."

"నేను పని మీద వచ్చిన సార్. నన్ను చూసి తగ్గించకండి."

ఆయన తగ్గించలేదు. ఒక ఊళ్లో ఒక దొర. భూమికి సర్కారు హద్దు పెడుతుందని ఆయనకు ముందే తెలిసింది. రాత్రికి రాత్రి కాగితాల మీద భూమి ముక్కలైంది. పాలేరు పేరు మీద కొంత, వంటవాడి పేరు మీద కొంత, ఉయ్యాలలో ఉన్న మనవడి పేరు మీద కొంత. పాలేరుకు తన పేరు మీద భూమి ఉందని కూడా తెలియదు. మరునాడు అదే పొలంలో అదే కూలికి నాగలి పట్టాడు. చట్టం పేరు ఆయన ఒక్కసారి కూడా అనలేదు. బోర్డు మీద రాయలేదు.

కథ అయ్యాక సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతి మైకు మొదటి బెంచీకి అందించారు. "చెప్పుడు నా పని. పేరు పెట్టుడు మీ పని. ఇది ఏ చట్టం?"

అప్పుడు మైకు బెంచీలు తిరిగింది. భూగరిష్ఠ పరిమితి అని ఒకరు, ల్యాండ్ సీలింగ్ అని ఒకరు, బినామీ ఎట్లయితది సార్ అని ఒకరు. చట్టంలో ఏ లోపం వాడుకున్నారని ఒకరు అడిగితే, దానికి జవాబు ఇంకో బెంచీ నుంచి వచ్చింది. నాకు కావలసిన మాటలన్నీ అక్కడే ఉన్నాయి. పిల్లల నోట్లో ఉన్నాయి.

పని మొదలైనప్పుడు సెంటర్ వాళ్లు పెట్టిన షరతు ఒకటి గుర్తొచ్చింది. క్లాసు చివర డౌట్ల సమయమంతా గందరగోళం, దాన్ని సెర్చ్‌లోకి రానీయవద్దన్నారు. అందుకే ఆ మాటలు ‘స్టోర్డ్’ అరలో ఉన్నాయి. అంటే దాచి ఉంచినవి. తెరిస్తే కనిపిస్తాయి, వెతికితే దొరకవు. యాదగిరి సార్ పాఠానికి పేరున్నదల్లా ఆ మూసిన అరలోనే.

నేను లేవబోతుండగా మైకు ఒక కుర్రవాడి చేతికి వచ్చింది. "సార్, గా ఉయ్యాలల ఉన్న పోరడు ఇప్పుడేం చేస్తుండు?"

క్లాసంతా నవ్వింది. యాదగిరి సార్ నవ్వలేదు. నా వైపు కూడా చూడలేదు. "అది నేను చెప్పేది కాదు," అని డస్టర్ తీసుకొని బోర్డు వైపు తిరిగారు. ఖాళీ బోర్డునే తుడుస్తున్నారు.

ఆయన నా పరువు కాపాడుతున్నారని అర్థమైంది. నా పరువు ఇంకొకరు కాపాడవలసిన స్థితికి నేను ఇంకా రాలేదు. లేచి నిలబడి మైకు అడిగాను.

"ఆ పోరడిని నేనే. కథ నిజం. ఆ భూమి మాకూ దక్కలేదు, దక్కవలసినోళ్లకూ సగం దక్కలేదు. ఇప్పుడు కిరాయి ఇంట్ల ఉండి, ఈ పాఠం వెతికితే మీకు దొరికేటట్టు చేస్తున్న."

మైకు ముందు బెంచీకి ఇచ్చి బయటికి వచ్చాను.

మేడంను ఒప్పించి డౌట్ల అరను ‘ఇండెక్స్డ్’ చేశాను. అంటే వెతుకులాటకు తెరిచాను. దానికి టైటిల్ కంటే ఎక్కువ బూస్ట్ ఇచ్చాను. ఆలోచిస్తే ఇది న్యాయం. వెతికేవాడు కొట్టేది ప్రశ్న. ఇంకో విద్యార్థి నోటి నుంచి వచ్చిన ప్రశ్నే దానికి దగ్గరి చుట్టం. కానీ మొదటి పరీక్షలోనే పరేషాన్ అయ్యాను. స్వప్న ‘రేపటి పరీక్ష విధానం’ అని కొడితే ‘సార్ రేపు క్లాస్ ఉందా’, ‘సార్ సౌండ్ వస్తలేదు’ అన్నవన్నీ వరుస కట్టాయి.

"గిదేంది సార్, మా హాస్టల్ లెక్కనే ఉన్నది," అంది.

స్వప్న, ఆమె స్నేహితురాళ్లు మామూలుగా ఏమేం వెతుకుతారో అడిగాను. ఒక్కో ప్రశ్నకు ఏ క్లాసు సరైన జవాబో వాళ్లనే తేల్చమన్నాను. ఆ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వేస్తూ బూస్ట్‌ను కొద్దికొద్దిగా తగ్గించాను, పెంచాను. మరీ చిన్న మాటలను, క్లాస్ ఉందా, సౌండ్ లేదు లాంటివాటిని వడకట్టాను. ఒక ప్రశ్న సరిపడితే రెండు చెడేవి. వదల్లేదు. ఆదివారం సాయంత్రానికి వాళ్లు పైన ఉండాలన్న క్లాసులు పైన నిలబడ్డాయి. కొన్నిటికి బిట్ల సారే మొదట వచ్చారు. తేదీలు, సెక్షన్లు అడిగితే ఆయన క్లాసే సరైన జవాబు. దాన్ని అలాగే ఉంచాను.

సోమవారం మేడం గదిలో స్వప్న మళ్లీ అదే మాట కొట్టింది. మొదట వచ్చింది ‘నిన్నటి తరువాయి’. యాప్ ఆ క్లాసును మాట దొరికిన చోటి నుంచి నడిపిస్తుంది. పిల్లలు చట్టానికి పేరు పెట్టడం వినిపించింది, వాదన వినిపించింది, ఉయ్యాల ప్రశ్న వినిపించింది. ఆ తర్వాత నా గొంతు.

మేడం వెంటనే ఆపారు. "ఇది బయటి పిల్లలు కూడ చూస్తరండి. మీ ముక్క వరకు కట్ చేద్దాం. మీకెందుకు?"

"ఉండనీయండి. అడిగిన్రు, జవాబు అక్కడున్నది."

"సరే. వెతికితే దొరకకనే ఎవరూ చూడలేదని పార్ట్‌నర్లకు నేను చెప్త," అన్నారు మేడం. టైమ్‌టేబుల్ కాగితం ముందుకు లాక్కొని, చరిత్ర గడిలో యాదగిరి సార్ పేరు రాసి అచ్చుకు పంపారు. తలుపు దగ్గర నిలబడి ఉన్న యాదగిరి సార్ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు నచ్చేది కాదు. "టైటిళ్లు మాత్రం నేను మార్చను," అన్నారు.

"మార్చాల్సిన పని లేదు."

"మరి ఇప్పుడన్న చాయ్ తాగుతరా?"

తాగాను.

ఆ తర్వాత సెర్చ్ పని ఏది చేసినా మొదట అడిగేది ఒకటే: వెతికేవాళ్లు మాట్లాడిన మాటలు మీ దగ్గర ఎక్కడున్నాయి, వాటిని ఎవరు ఎందుకు మూసిపెట్టారు? బూస్ట్ ఇవ్వవలసింది ఆ మాటలకే. మనుషుల పేర్ల మీద పెట్టమని ఇప్పటికీ అడుగుతారు. పెట్టను. ఒకప్పుడు భూమి నా పేరు మీద పెట్టారు. అడగకుండా పెట్టారు. అది నన్ను ఏ వరుసలోనూ పైన నిలపలేదు.