మోగిన బిట్లు

ఎనభైలలో ఆర్మూర్‌లో నాకు పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు తయారుచేసే షెడ్డు ఉండేది. ఇనుముకు రంధ్రాలు వేయడానికి కంపెనీ పేరు లేని డ్రిల్లు బిట్లను నిజామాబాద్ నుంచి నేనే ఏరి తెచ్చేవాణ్ని. మా నాన్న పసుపు వ్యాపారి. కొమ్మును విరిచినప్పుడు ఖంగుమంటే మంచిదనేవాడు. ఆ తెలివితోనే నేను బిట్టును గచ్చు మీద పడేసి, ఖంగుమంటే కొనేవాణ్ని. చెత్త ఇనుమూ మోగుతుందని నా వెధవ బుర్రకు తట్టలేదు.

బిట్ల మొనలు రోజూ అరిగిపోయేవి. మా నాన్న వయసున్న ఫిట్టర్‌ను, డ్రమ్ములు కొనడానికొచ్చిన గిరాకీల ముందే తిట్టేవాణ్ని.

"బిట్లు మంచియే. నీ చెయ్యే మంచిగ లేదు."

ఆయన వాటికి మళ్లీ సాన పెట్టుకునేవాడు.

ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆయన కొత్త బిట్టు మొన మీద ఇనుమును అరగదీసే ఆకురాయి లాగాడు. గట్టి ఉక్కయితే ఆకురాయి జారిపోవాలి. అది మొనను కొరికి పొడి రాల్చింది.

"మొదలే ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

"నలుగుర్ల నీ ఇజ్జత్ తియ్యాల్నా, సేటూ?" అన్నాడు.

మర్నాడు గిరాకీల ముందు ఆ పరీక్ష నేనే కనిపెట్టినట్టు చేసి చూపించాను. ఆకురాయి అందించింది ఆయనే.