సూరి ఫోనులో మిగిలిన ఒక్క శాతం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. శకునాలు, దిష్టి, కలలో కనబడి కబుర్లు చెప్పే పెద్దలు, ఇవేవీ నా దగ్గర చెల్లవు. నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. భిలాయి వైశాలి నగర్‌లో మా వీధిలో ఎవరింట్లో ఇన్వర్టర్ మొరాయించినా ముందు నా తలుపే తడతారు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దెయ్యమేమీ లేదు. ఒక పాత ఫోను, దాని పాడైపోయిన బ్యాటరీ ఉన్నాయి.

ఆ ఫోను మా తమ్ముడు సూరిది. వాడు ఇక్కడి స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు. మా నాన్న కూడా అక్కడే చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు లేడు. సూరి, వాడి భార్య రజని, మా అమ్మ సెక్టర్ 7 క్వార్టర్లో ఉంటారు. వాడు పనిచేసే చోటికి ఫోను తీసుకెళ్లకూడదు. మిగతావాళ్లు లాకర్లో పెట్టుకుంటారు. మావాడు ఒకసారి లాకరు తాళంచెవి పారేసుకుని నానా తిప్పలూ పడ్డాక, డ్యూటీకి వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లోనే వదిలేయడం అలవాటు చేసుకున్నాడు.

వాడు గుమ్మం దాటగానే అమ్మ చేసే మొదటి పని ఆ ఫోనుని ఛార్జింగ్‌కి పెట్టడం. అప్పటికే వంద శాతం ఉన్నా సరే, పెట్టాల్సిందే. మళ్లీ వాడొచ్చి బూట్లు విప్పేదాకా తియ్యదు.

ఇదేం కొత్తగా పుట్టిన చాదస్తం కాదు. అమ్మది శ్రీకాకుళం వైపు. పెళ్లై భిలాయి వచ్చిన కొత్తలో, నాన్న షిఫ్టుకి వెళ్లగానే ఆయన తాగే రాగి చెంబు నిండా నీళ్లు పోసి గుమ్మం లోపల పెట్టేదట. ఆయన వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. డ్యూటీకి వెళ్లిన మనిషి వస్తువు ఇంట్లో ఖాళీగా ఉండకూడదని ఆమె లెక్క. చిన్నప్పుడు దాహమేసి ఆ చెంబెత్తినందుకు నేను వీపు మీద ఒకటి తిన్నాను కూడా. సూరికి చెంబూ గ్లాసూ లేవు, ఫ్రిజ్‌లో సీసా తీసి ఎత్తి పోసుకునే రకం. ఇంట్లో వాడిదంటూ చెప్పుకోదగ్గ వస్తువు ఫోనొక్కటే. అందుకని అమ్మ దాన్ని నింపడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండేది. ఈ బ్యాటరీలని పొద్దస్తమానం వంద దగ్గర తగిలించి ఉంచితే వేడెక్కి తొందరగా ముసలివైపోతాయి. ఇరవైకీ ఎనభైకీ మధ్య తిప్పుతూ ఉంటే ఎక్కువ కాలం మన్నుతాయి. ఈ సంగతి అమ్మకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. గోడకి చెప్పుంటే కాస్త సున్నమైనా రాలి ఉండేది.

"మనిషి అక్కడ వేడిలో మాడిపోతుంటే ఈడేటో ఎనబై చాలంతాడు," అనేది రజనితో, నేనక్కడ లేనట్టే.

చివరికి నేను చెప్పినట్టే అయింది. ఫోను వెనక మూత కొంచెం ఉబ్బినట్టు కనిపించసాగింది. అంకె ఇష్టమొచ్చినట్టు గెంతేది. అరవై అని చూపించి, చేతిలోకి తీసుకునేసరికి నలభై అనేది. ఒకరోజు సూరి మా ఇంటికొచ్చి మొరపెట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఇది బిల్కుల్ ఖరాబ్ అయిపోనాది. ముప్ఫై చూపిస్తాది, చూస్తూ చూస్తూ బంద్ అయిపోతాది. ఆదివారం నాకు ఫస్ట్ షిఫ్టు. ఫోను ఎలాగూ ఇంట్లోనే పడుంటాది, నువ్వొచ్చి కాస్త చూడు."

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, తప్పదు. ఫోను మీద కనిపించే ఆ శాతం కొలిచి చెప్పింది కాదు. వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ని కాస్త ఎత్తి చూసి, ఇంకో వారం వస్తుందిలే అంటాం చూడండి, అలాంటి అంచనా అది. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు అంచనా బాగానే కుదురుతుంది. పాతబడ్డాక ఫోను తన పాత లెక్కనే పట్టుకుని వేలాడుతుంది. దాన్ని సరిచెయ్యడానికి ఒక పద్ధతుంది. ఫోను దానంతటదే ఆరిపోయేదాకా పూర్తిగా వాడేసి, ఆ తర్వాత మధ్యలో ఆపకుండా వంద దాకా ఎక్కించాలి. అప్పుడు అడుగెక్కడో పైనెక్కడో దానికి మళ్లీ తెలుస్తుంది. ముసలి బ్యాటరీ పడుచుదైపోదు కానీ అబద్ధాలు కొంచెం తగ్గుతాయి.

ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి సూరి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఫోను ఛార్జర్‌కి వేలాడుతోంది. తీశాను. స్క్రీన్ ఆరకుండా చేసి, వెలుగు పూర్తిగా పెంచి, టార్చ్ వేసి, అది బల్ల అంచు దాటేలా పెట్టాను. అమ్మ వంటింట్లోంచి బెండకాయల పళ్లెంతో వచ్చి చూసింది.

"తీసీసేవేటి?"

విషయం చెప్పాను.

"అలాగైతే వాడొచ్చేక చెయ్యి."

"వాడొచ్చాక వాడికి ఫోను కావాలి కదమ్మా. వాడే చెయ్యమన్నాడు."

"సున్నాకి మటుకు రానీకు పెద్దోడా. వాడింకా లోపలున్నాడు."

"సున్నాకి తేవడమేనమ్మా ఇక్కడ పని," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. పళ్లెం పక్కన పెట్టి బల్లకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. బెండకాయలు అలాగే ఉండిపోయాయి. రజని వచ్చి రెండు సార్లు పిలిచినా లేవలేదు.

అంకె అనుకున్నట్టే గబగబా దిగింది. ముప్ఫై దగ్గర ఆరిపోతుందనుకుంటే ఆరలేదు. ఇరవై దాటింది, పది దాటింది. ఒకటి దగ్గరికొచ్చి ఆగింది. ఇక్కడ కూడా ఆశ్చర్యమేమీ లేదు. తప్పు లెక్కలో ఉన్న ఫోను ఒక్క శాతం దగ్గర కాసేపు తచ్చాడటం నేను చాలాసార్లు చూశాను. రజని ఇచ్చిన టీ తాగుతూ, ఇదిగో పోతుంది, అదిగో పోతుంది అనుకుంటూ కూర్చున్నాను. టీ అయిపోయింది. పేపరు చదవడం కూడా అయిపోయింది. ఫోను పోలేదు. టార్చ్ వెలుగు కింద గచ్చు మీద తెల్లగా పడుతోంది.

అప్పుడు రజని ఫోను మోగింది. సూరితో పనిచేసే ఆయన. సూరికి ఛాతీలో నొప్పొచ్చిందని, ఒళ్లంతా చెమటలు పట్టి పడిపోయాడని, ఆసుపత్రికి తీసుకెళుతున్నామని, వెంటనే రమ్మని. సూరికి ఇంకా నలభై ఏళ్లు రాలేదు. రజని ఆ మాటలు మాకు చెప్పేలోపే అమ్మ లేచి చెప్పులేసుకుంది.

నేను ఫోను చొక్కా జేబులో పడేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలీదు. ఆ క్షణంలో చేతికి దొరికింది, అంతే.

మేము చేరేసరికి వాణ్ని లోపలికి తీసుకెళ్లిపోయారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. దారిలో ఒకసారి గుండె ఆగిందని, మళ్లీ కొట్టుకునేలా చేశారని, స్పృహ లేదని చెప్పింది. "అభీ కుఛ్ నహీ బోల్ సక్తే," అంది. ఇప్పుడే ఏమీ చెప్పలేమని. రజని గోడకి ఆనుకుని అలాగే కిందకి జారిపోయింది. చిన్నప్పుడు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని నేనే వాణ్ని బడికి తీసుకెళ్లేవాణ్ని. వాడు పోతే నేనెలా బతకాలన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేం లేదు.

"పెద్దోడా, జేబు," అంది అమ్మ.

చూస్తే చొక్కా బట్టలోంచి వెలుగొస్తోంది. టార్చ్ ఆర్పడం మర్చిపోయాను. ఫోను బయటికి తీశాను. ఒక్క శాతం. వెనక వైపు అన్నం గిన్నెలా వేడిగా ఉంది. టార్చ్ ఆర్పబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏటీ ముట్టుకోకు. ఎలాగుందో అలాగుండనీ."

మామూలు రోజైతే వాదించేవాణ్ని. ఆ రోజు నోరు మూసుకుని పక్క బెంచీ మీద ఒకాయన దగ్గర ఛార్జర్ అడిగాను. ఆయన పాపం వెంటనే ఇచ్చాడు. పిన్ను వేరే రకం, పట్టలేదు. ఫోనుని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చాలా ఫోన్లలో ఛార్జ్ అడుగంటితే టార్చ్ దానంతటదే ఆరిపోతుంది. ఇందులో ఆరలేదు. ఎదురుగా ఉన్న గది తలుపుకి పైన చిన్న అద్దం ఉంది. లేచి నిలబడితే లోపల సూరి మంచం, పక్కన మిషను కనిపిస్తాయి. నేను లేవలేదు. ఆ ఒకటి వైపే చూస్తూ ఉండిపోయాను.

ఎంతసేపో తెలీదు. మధ్యాహ్నం భోజనాల బండి వచ్చింది, వెళ్లింది. మా చుట్టాలెవరికీ ఇంకా చెప్పలేదు, నంబర్లన్నీ సూరి ఫోనులోనే ఉన్నాయని రజని అంది. కానీ ఇవ్వమని అడగలేదు. తను కూడా దాని వైపే చూస్తోంది.

"రెండైనాది," అంది అమ్మ.

నిజమే. రెండు. అమ్మ చదువు మూడో తరగతితో ఆగిపోయింది కానీ అంకెలు బాగా తెలుసు. పక్కన పెట్టేసిన బ్యాటరీ కొంచెం తేరుకుని నాలుగైదు శాతం ఎక్కువ చూపించడం ఉంది. అది విశ్రాంతిలో ఉంటే. ఇక్కడ స్క్రీను వెలుగుతోంది, టార్చ్ వెలుగుతోంది. రెండు కాస్తా ఐదైంది. తర్వాత తొమ్మిది. పద్నాలుగైనప్పుడు రజని నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను ఎవరికి మొక్కానో నాకే తెలీదు కానీ, మొక్కాను.

ఇరవై రెండు అన్నది కళ్లారా చూశాను. చూస్తుండగానే ఫోను ఆరిపోయింది.

టార్చ్, స్క్రీను, అన్నీ ఒక్కసారిగా. బొత్తం నొక్కాను, గట్టిగా నొక్కాను, ఏమీ లేదు. నా ప్రాణం అప్పుడే పోయిందనుకున్నాను. ఐటీఐలో ఇన్నేళ్లుగా బ్యాటరీ పాఠం చెప్పే మనిషిని, ఆసుపత్రి వరండాలో "సూరీ" అని అరుస్తూ ఆ తలుపు మీద పడ్డాను. ఇద్దరు వార్డు మనుషులు నన్ను పట్టుకుని వెనక్కి లాగారు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ బెంచీ మీదనుంచి కదల్లేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఎందుకురా ఆ అరుపులు? వాడు లెగిసేడు కదా. ఇంక దానికేటి పని?" అంది.

సూరి బతికాడు. కొన్నాళ్లు ఇంట్లో ఉండి, తేలిక పనిలో మళ్లీ డ్యూటీకి వెళుతున్నాడు. కొత్త ఫోను కొనుక్కున్నాడు. పాతదాన్ని నేనే విప్పాను. లోపల బ్యాటరీ బూరెలా ఉబ్బి ఉంది. మీటరు పెడితే దాదాపు ఏమీ చూపించలేదు. ఎన్ని రకాలుగా ఎక్కించి చూసినా మళ్లీ లేవలేదు.

ఇదంతా మా ఐటీఐలో నాతో పనిచేసే ఆయనకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని ప్రతిదానికీ కారణం చెప్పాడు. ఒకటి దగ్గర ఆగిందంటే అంచనా తప్పింది, నిజానికి లోపల ఛార్జ్ చాలానే ఉంది. జేబులో వేడెక్కాక ఫోను లెక్క మార్చుకుంది, అంకె పెరిగింది. వేడి మరీ ఎక్కువై రక్షణ సర్క్యూట్ తెగింది, ఆరిపోయింది. నేనూ అవన్నీ ఒప్పుకున్నాను. మా విద్యార్థులెవరైనా అడిగితే నేను కూడా అదే చెబుతాను.

కానీ అమ్మ ఆ మాట అన్నప్పుడు తలుపు మూసే ఉంది. ఆమె కూర్చున్న చోటినుంచి చూస్తే అద్దంలో లోపలిదేమీ కనిపించదు. లోపలినుంచి అప్పటికి ఎవరూ బయటికి రాలేదు. నన్ను పట్టుకున్న వార్డు మనుషులు ఇంకా వదల్లేదు. డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చి, పేషెంటు ఇప్పుడే కళ్లు తెరిచాడు, మంచినీళ్లు అడుగుతున్నాడని చెప్పింది ఆ తర్వాతే.

నీకెలా తెలిసిందమ్మా అని ఇప్పటికి చాలాసార్లు అడిగాను. నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదరా అంటుంది. ఉన్నాను. నాకెందుకు తెలియలేదో ఇవాళ్టికీ చెప్పలేను.