కలకత్తాకు రెండున్నర గంటలు

ఉదయం ఆరూ పదికి పొయ్యి మీద పాలు పొంగాయి. స్టవ్ తుడుస్తుండగా కలకత్తా నుంచి బావ ఫోన్ చేశాడు. అక్క నిద్రలోనే పోయిందన్నాడు.

"పుట్టింటి చీర తేప్పా. రెండున్నర గంటలే కదా, మధ్యాహ్నానికి వచ్చేస్తావు. పొద్దు గూకేలోగా ఎత్తాల."

మా వాళ్ళలో పెళ్ళయిన ఆడపిల్ల పోతే పుట్టింటి చీర కప్పి సాగనంపుతారు. రెండున్నర గంటలు బెంగళూరు నుంచి విమానానికి పట్టే కాలం. మా ఇంట్లో ఎప్పుడూ ఆ లెక్కే చెప్పుకుంటాం. బెంగళూరు దాకా ఉన్న దారిని బళ్ళారి వాళ్ళం ప్రయాణం అనుకోము. నేనూ సరేనన్నాను.

కౌల్ బజార్‌లో బట్టల అంగడి వెనకే దాని యజమాని ఇల్లు. తలుపు తట్టాను. ఏటా గౌరి పండగకు పుట్టింటి కానుకగా అక్కకు చీర అక్కడే కొని, ముందుగా ఫోన్‌లో ఆమెకు చూపించేవాణ్ణి.

"ఏందప్పా, ఇంత పొద్దున్నే? ముందు మీ అక్కకు చూపించు. మల్లా ఇది తుప్పు రంగు, అది బురద రంగని నా అంగడి మానం తీస్తాది," అన్నాడు.

"పచ్చది ఇవ్వన్నా. ఈసారి చూపించేది లేదు."

నా మొహం చూసి, చీర చుట్టి ఇచ్చాడు.

ఏడింటికి కారు కదిలింది. మా ఊరి దగ్గరి తోరణగల్లు నుంచి బెంగళూరు వెళ్ళే విమానంలో సీటు దొరకలేదు. అనంతపురం మీదుగా వెళ్ళాం. పెనుకొండ దాటాక డ్రైవర్ ఇడ్లీ తిన్నాడు, నేను కాఫీ తాగాను. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి చేరేసరికి పావు తక్కువ ఒంటిగంట. బావ మళ్ళీ ఫోన్ చేశాడు.

"యాడుండావు?"

"ఏర్‌పోర్ట్‌లో. విమానం రెండూ యాభైకి."

"ఇంకా ఆడనేనా!"

విమానంలో పక్క సీట్లో, కోస్తా నుంచి వచ్చి మా జిల్లా సిరుగుప్ప క్యాంపులో స్థిరపడ్డ రైతు ఒకాయన. నా ఒళ్ళో పొట్లం చూసి, "చీరా అండీ? ఎవరికి?" అన్నాడు.

"మా అక్కకు."

"మంచి రంగు. సంతోషపడతారు."

నేను కిటికీలోంచి చూశాను. పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. విమానం చెప్పినట్టే రెండున్నర గంటల్లో కలకత్తాలో దిగింది. అప్పటికే బయట దీపాలు వెలిగాయి. టాక్సీలో ఇల్లు చేరేసరికి ఆరూ నలభై. వాకిలి కడిగి ఉంది. తడి బట్టలతో బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దు గూకిందని అందరూ తొందర పెట్టినారు. పోయిన గౌరి పండగది కప్పినామప్పా. బురద రంగని తిట్టిందే, అదే. మడత విప్పకుండా దాచుకునింది. అదీ మీ ఇంటిదే కదా."

అవునన్నాను.

మూడో రోజు కర్మ అయ్యాక బయలుదేరాను. కలకత్తా వెళ్ళేవాళ్ళు బళ్ళారి గడప నుంచి దాదాపు పన్నెండు గంటలు వేసుకోవాలి. తిరుగు విమానంలోనూ పచ్చ చీర నా ఒళ్ళోనే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో గౌరి పండగకు చీర కొనడం లేదు.