మా బూత్‌లో గంటకు పడిన రెండు ఓట్లు

మొన్న తెనాలి బస్టాండు దగ్గర గోడకు ఎవరో ట్యుటోరియల్ పోస్టరు అతికిస్తున్నారు. ఉడికిన మైదా జిగురులో మైలుతుత్తం కలిసిన ఆ వగరు వాసన తగలగానే, ఎక్కాల్సిన బాపట్ల బస్సు ఎక్కకుండా నిలబడిపోయాను. చిన్నప్పుడు మా పేటలో ఎన్నికలొచ్చాయంటే ముందుగా వచ్చేది ఆ వాసనే.

మా పేట రేపల్లెకు దిగువన, సముద్రపు పోటు మురుగుకాల్వలోకి ఎగదన్నే చోట ఉంటుంది. ఓట్లు ఎప్పుడూ ఎండాకాలం సెలవుల్లోనే వచ్చేవి. తాటిముంజల్ని బొటనవేలితో పొడుచుకు తింటూ, నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా జీపుల వెనక పరుగెత్తి కాగితాలు ఏరుకునేవాళ్ళం. గొడుగు గుర్తువి పుస్తకాల్లో దాచుకునేవాళ్ళం, గంట గుర్తువి పడవలు చేసి కాల్వలో వదిలేసేవాళ్ళం. ఎందుకంటే మాది గొడుగు పేట, ఊళ్ళో రైతులది గంట. ఇంటిపేరులాగే అదీ పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని.

అదెలా వచ్చిందో నాయనమ్మ చెప్పేది. ఆవకాయకు ముక్కలు తుడుస్తూనో, ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర గంజిపెట్టి ఆరేస్తూనో చెప్పేది. నేను పుట్టకముందు ఒక తుఫానుకి పేటంతా కొట్టుకుపోతే, గొడుగు పార్టీ నాయకుడు మోకాలిలోతు బురదలో నడిచొచ్చాడట. ఊళ్ళో అరుగుల మీద కూర్చోకుండా నాయనమ్మ పరిచిన తడి చాప మీద కూర్చుని, ఆమె ఇచ్చిన గంజి తాగాడట. ఇప్పుడున్న ఇళ్ళస్థలాలు ఆ తర్వాతే వచ్చాయి. "మన చాప మీద కూర్చున్నాడే అమ్మాయ్" అనేది, అక్కడికొచ్చేసరికి ముక్కలు తుడవడం ఆపేసి.

నాకు పదేళ్ళప్పుడు ఆ మాటకు మా నాన్నే ఎదురు నిలిచాడు. నాన్న పెనుమూడి బడిలో మాస్టారు. ఎన్నికల ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో అందరూ కూర్చుంటే, సంఘపెద్ద దానియేలు తాత ఎప్పటిలాగే లేచి, "ఈసారీ గొడుక్కే. మనకున్న బలం ఒకటే, అందరం కలిసి ఉండటం. చీలామా, మనల్నెవరూ పట్టించుకోరు" అన్నాడు.

"కలిసే వేశాం కదా తాతా ఇన్నేళ్ళూ. కాల్వ తూముకి తలుపులొచ్చాయా? ఏటా ఉప్పునీళ్ళు మన చేలలోకే వస్తున్నాయి. తలుపులు వేయిస్తానని గంట ఆయన అంటున్నాడు. నేను ఆయనకే వేస్తాను" అన్నాడు నాన్న.

పందిట్లో విసనకర్రలు ఆగిపోయాయి. దానియేలు తాత కోప్పడలేదు. "చదువుకున్నోడివి, నీ ఇష్టం మాస్టారూ" అన్నాడు. అంతవరకూ నాన్నని 'ఒరే అబ్బాయ్' అని పిలిచిన మనిషి. మర్నాటి నుంచి సాయంత్రం చదువుకోడానికి మా ఇంటికొచ్చే పిల్లలు రాలేదు. ఏడుపెంకులాటలో నన్ను ఏ జట్టూ పిలవలేదు. అన్నం దగ్గర నాయనమ్మ కూడా నాన్నతో మాట్లాడలేదు. ఆమె మనసు నాన్న మాటకు నొచ్చుకుందనుకున్నాం.

లెక్కింపులో గంట గెలిచింది. మా బూత్‌లో మాత్రం దానికి పడినవి రెండే ఓట్లు. ఒకటి నాన్నది. రెండోది అమ్మదేనని పేటంతా తేల్చేసింది. అమ్మ గొడుక్కే వేశానని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

తూము సంగతి అడగడానికి నాన్న గెలిచినాయన ఇంటికి సైకిలు మీద వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఒక కాగితం తిప్పిచూసి, "మీ బూత్‌లో మాకొచ్చినవి రెండోట్లండి మాస్టారూ. ముందు మాకు వేసినవాళ్ళ పనులు చూసుకోవాలి కదండీ" అన్నాడట. ఆ ఆదివారం పందిట్లో నాన్న తలొంచుకునే ఈ సంగతి చెప్పాడు.

"రెండోది ఎవరిదో ఇప్పటికైనా చెప్పండి" అన్నాడు దానియేలు తాత, అమ్మ వైపు చూస్తూ.

"నాది" అంది నాయనమ్మ.

నాన్న తలెత్తి చూశాడు.

"ఆ చాప మీద కూర్చున్నాయన పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు గొడుక్కి నిలబడ్డ ఆయన కొడుకు మొన్న మన వీధికొచ్చి కారైనా దిగలేదు. వీడు చెప్పింది నిజమని నాకూ తెలుసు. మీ అందరి ముందూ అనడానికి నోరు రాలేదు. అందుకే లోపలికెళ్ళాక గంటే నొక్కాను" అంది. అని, "కోడలి మీద మాటపడుతుంటే ఊరుకున్నాను. అదీ నా తప్పే" అంటూ అమ్మ చెయ్యి పట్టుకుంది.

దానియేలు తాత కండువా దులిపి భుజాన వేసుకుని, "ఒరే అబ్బాయ్, రేపు మళ్ళీ పోదాం పద. రెండోట్ల పేటంటాడా? మనుషులెంతమందో చూస్తాడు" అన్నాడు. మర్నాడు పేటంతా నడిచి వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. రెండు వానాకాలాలు గడిచాక తూముకి తలుపులు వచ్చాయి.

ఇప్పుడు నేను బాపట్లలో టీచర్ని. ఎన్నికల డ్యూటీలో వేళ్ళకు సిరా పెడుతుంటాను. నాయనమ్మా, దానియేలు తాతా లేరు. మా పేటలో ఒకే ఇంటి మీద రెండు జెండాలు కనిపిస్తాయి. ఎవరు ఎవరికి వేశారో ఎవరూ అడగరు, అందుకని ఎవరి పిల్లల్నీ ఎవరూ ఆటలోంచి తీసెయ్యరు. నాన్న కోరుకున్నది అదే. కానీ ఆ పందిరి పోయింది, ఎదురెదురుగా కూర్చుని దెబ్బలాడుకోవడమూ పోయింది. పోయిన వానాకాలం తూము తలుపులు తుప్పుపట్టి ఊడిపోతే, ఎవరికి వారు తమ నాయకుడికి ఫోన్లు చేసుకున్నారు. నీళ్ళు మాత్రం అందరి చేలలోకీ వచ్చాయి.

చివరికి డెబ్బై దాటిన నాన్నే తూము అర్జీ రాసిన తెల్లకాగితం పట్టుకుని సంతకాలకు ఇంటింటికీ బయల్దేరాడు. సెలవులకు వెళ్ళిన నేను వెంట నడిచాను. మొదటి ఇంట్లో ఆయన దగ్గర చదువుకున్నతను కుర్చీ వేసి, కాగితం అందుకోకుండానే అడిగాడు:

"ఇది ఏ పార్టీ వాళ్ళదండీ మాస్టారూ?"