మంచు తూచిన పిన్నిగారు

మా పక్కింటి పిన్నిగారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున నేను ఇడ్లీలు దించుతుంటే వాళ్ళబ్బాయి తలుపు కొట్టాడు. "అక్కా, అమ్మని లేపుతుంటే లేవడం లేదు. ఒకసారి రండి" అన్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నిద్రలోనే వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన అంబులెన్సు వాళ్ళూ అదే చెప్పారు.

గల్ఫ్‌లో, అల్ వుకైర్‌లోని మా కాంపౌండ్‌లో, కొడుకు దగ్గర ఉండే ఆవిడని ఎరగని వాళ్ళు లేరు. కానీ ఏ ఉద్యోగం చేసి రిటైరయ్యారో తెలిసినవాళ్ళు తక్కువ. పుట్టింది గోదావరి లంకలో. పెళ్ళయ్యాక భర్తతో ఉత్తరాదిన ఓ కొండ రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి ప్రభుత్వంలో ఇంజనీరుగా చేరారు. ఆవిడ పని మంచు కొలవడం. చలికాలంలో కొండెక్కి, బోలు గొట్టాన్ని మంచులోకి దింపి, నిండాక పైకి తీసి తూచేవారట. ఆ బరువుని బట్టి మంచులో ఎంత నీరు దాగుందో, ఎండలు ముదిరితే ఏట్లోకి ఎంత దిగుతుందో లెక్కకట్టేవారు. దిగువ ఊళ్ళని వరదకి ముందే సిద్ధం చెయ్యడానికి ఆ లెక్కే ఆధారం.

"మంచంటే ఏంటనుకున్నావే అమ్మాయ్, కొండ మీద నిలబడ్డ వరద" అనేవారు.

ఎవరింటికి వెళ్ళినా కాఫీ కంటే ముందు కరెంటు మెయిన్ ఎక్కడుందో అడిగేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వాకింగ్‌కి వెళ్తే అందరం ఎదుటికి చూసి నడిస్తే, ఆవిడ రోడ్డు వాలు చూసి నడిచేవారు.

ఒకసారి వంకాయలు తరుగుతూ ఆ కొండల కథ ఒకటి చెప్పారు. ఓ ఏడాది మంచు విపరీతంగా పడిందట. ఎండలూ ముందే వచ్చాయి. ఏటి ఒడ్డున ఉన్న ఊరిని ఖాళీ చేయించమని శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. అందరూ కదిలారు గానీ ఒక ముసలావిడ రానంది. అధికారులు బతిమాలారు, కేకలేశారు, విసిగిపోయి వెళ్ళారు. పిన్నిగారు మాత్రం ఆవిడ అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలిచిపెట్టారు. సాయంత్రానికి ఆ ముసలావిడే, "పైన నా ఆవుక్కూడా చోటుందా?" అని అడిగింది. అంతవరకూ ఆవుకి చోటుందన్న మాట ఎవరూ చెప్పలేదట ఆవిడకి. ఇద్దరూ ఆవుని తోలుకుంటూ ఎగువకి నడిచారు. ఆ వారంలోనే ఆ ఇల్లు ఏట్లో కలిసిపోయింది.

"వరదొస్తోందని చెబితే ఎవరూ కదలరే. పక్కన కూర్చుంటే కదులుతారు."

ఈ ఎడారిలో ఆ మాటతో ఏం పని అనుకున్నాను. కిందటి చలికాలంలో తెలిసింది.

పెద్ద వాన పడుతుందని ఫోన్లకి హెచ్చరికలు వచ్చాయి. మా వాచ్‌మన్ జగిత్యాల వైపు మనిషి. అతని గది సెల్లార్లో, కార్లు పెట్టే చోట, ర్యాంపు దిగగానే ఉండేది. పిన్నిగారు కిందికి దిగి చూస్తే నీళ్ళు పోవాల్సిన జాలీలన్నీ ఇసకతో పూడిపోయి ఉన్నాయి. అందర్నీ పిలిచి తీయించారు. బియ్యం సంచుల్లో ఇసక నింపి ర్యాంపుకి అడ్డం వేయించారు.

వాన రోజు పొద్దున అతను నైట్ డ్యూటీ దిగి పడుకోవడానికి గదికి వెళ్తున్నాడు. ఆవిడ ర్యాంపు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇవాళ మా హాల్లో పడుకో నాయనా."

"వద్దమ్మా. గీడ వాన ఏడాదికొక్కసారి పడ్తది. గంత పరేషాన్ ఎందుకు?"

"రోజూ వచ్చేదాన్ని ఎవరూ మరవరు. ఏడాదికోసారి వచ్చేదాన్నే మరుస్తాం."

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ లేవలేదు. వాళ్ళ ఊరి గురించి, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతూ కూర్చున్నారు. చివరికి అతనే, "మీరు గిట్లనే కూసుంటే నాకు నిద్ర వట్టది, పాండ్రి" అని దుప్పటి పట్టుకుని పైకి వచ్చాడు.

మధ్యాహ్నం వాన దిగింది. ఇసక సంచులు కాసేపు ఆపాయి. తర్వాత రోడ్డు మీది నీళ్ళు వాటిని దాటి ర్యాంపులోకి దూకాయి. మెయిన్ అప్పటికే పిన్నిగారు ఆపించేశారు. అలికిడికి లేచి అతను మెట్ల మీదికి వచ్చి కిందికి చూశాడు. అతని మంచం మునిగిపోయి ఉంది. నేల మీద పెట్టుకున్న ప్లగ్గుల బోర్డు నీళ్ళ కింద ఉంది.

పిన్నిగారు వెనకనుంచి, "లేచావా? టీ పెడతానుండు" అన్నారు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ దాని గురించి చెప్పుకోలేదు. "ఏమీ జరగలేదంటే మా పని బాగా జరిగినట్టు" అనేవారు. కానీ కాంపౌండ్ ఆఫీసుకి మాత్రం రోజూ వెళ్ళి కూర్చున్నారు. వారం తిరక్కుండానే అతనికి పైన గది ఇచ్చారు.

పిన్నిగారిని స్వదేశానికి తీసుకెళ్ళే రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "మా అమ్మకు ఫోన్ల చెప్పిన అక్కా. 'నీ దుబాయ్ల అమ్మ వోయిందా బిడ్డా' అని ఆమె గూడ ఏడ్సింది" అన్నాడు. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. నాకూ ఆవిడ అమ్మే. ఊరుగాని ఊళ్ళో మనకోసం ముందే ఆలోచించి పెట్టే మనిషి ఒకరుండటం ఎంత భాగ్యమో ఆవిడ పక్కన బతికాకే తెలిసింది.

పోయే ముందు నెలలో మమ్మల్ని అల్ వక్రా ఒడ్డుకి తీసుకెళ్ళమన్నారు. అక్కడ సముద్రం లోతుండదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, నీళ్ళలో నడుచుకుంటూ చాలా దూరం వెళ్ళిపోయారు. పిల్లలు కేకేస్తే వెనక్కి తిరిగి చెప్పులున్న చెయ్యి ఊపారు. నీళ్ళు ఆవిడ మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి.